దూరం అందని లెన్సు

నా చేతిలో ఉన్న పాత లెన్సు వెనక మూడు స్క్రూలున్నాయి. రెండు నల్లవి, మూడోది ఇత్తడిది. ఆ ఇత్తడి స్క్రూ నా పాత కళ్లజోడుది. ఎనిమిదేళ్ల కిందట అసలు స్క్రూ ఎక్కడో జారిపోతే, అన్నయ్య నా జోడు విప్పి మరీ దీన్ని బిగించాడు. "నీకు కొత్త జోడు కొంటాలేవే. దీనికి స్క్రూ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ఆ కొత్త జోడు ఇప్పటిదాకా రాలేదు.

పదకొండు నెలల కిందట ఒక ఉదయం అన్నయ్య ఫొటోలు తియ్యడానికి కారేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆ కారు వంతెన కింద ఏట్లో దొరికింది. అన్నయ్య దొరకలేదు. అతని నల్లసంచీ, అందులోని ఆరు పాత లెన్సులూ దొరకలేదు. అన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయని పోలీసులు రాసేశారు. వదిన నమ్మింది. నేను నమ్మలేదు కానీ, కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకపోయింది. రేపు ఉదయం పదిన్నరకి వకీలుగారి గదిలో నేనో సంతకం పెట్టాలి. అన్నయ్య ఇక లేడని తోడబుట్టినదానిగా నేనూ ఒప్పుకుంటున్నట్టు. ఆ సంతకం పడితే అన్నయ్యను వెతకడం అక్కడితో ఆగిపోతుంది, అతని బీమా డబ్బు వదినకి వస్తుంది.

నిన్న సాయంత్రం, చవగ్గా వస్తోందని ఫైనల్ బాబాయ్ దుకాణంలో కొన్న లెన్సు ఇది. మెట్ల కింద చీకట్లో గమనించలేదు గానీ, ఇంటికొచ్చి తిప్పి చూస్తే ఇత్తడి స్క్రూ. ఏట్లో కొట్టుకుపోయిన ఆరింటిలో ఒకటి.

పొద్దున్న తొమ్మిదింటికి స్టూడియో షట్టరు సగమే ఎత్తి, కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. నాది రెండు కుర్చీల స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోలు, గుర్తింపు కార్డు ఫొటోలు. కొత్త లెన్సులు కొనే స్తోమత లేదు కనక పాతవే కొంటాను. పాతవి కొనేవాళ్లకి అనుమానం ఉండాలి, లేకపోతే ఈ పని మానుకోవాలి. టార్చి వేసి, లోపల సాలెగూడులా ఫంగస్ పాకిందేమో చూడాలి. వెలుతురును తగ్గించే లోపలి రేకులు నూనెతో తడిసి అంటుకుపోతున్నాయేమో చూడాలి. ముందు గాజు మరీ మెరిసిపోతుంటే ఎవరో గుడ్డ పెట్టి బరబరా రుద్దారని అర్థం. అమ్మేవాడు "మా తాతగారిదండీ, రెండుసార్లే వాడారు" అన్నాడంటే, ఆ తాతగారికి ఇంకెన్ని కెమెరాలున్నాయో అడగాలి.

నిన్న ఇవన్నీ చూశాను. ఒక్క లోపమూ కనపడలేదు. ఇవాళ నన్ను భయపెడుతున్నది అదే. ఏట్లో మునిగిన లెన్సు లోపల ఒండ్రు పేరుకోవాలి, రేకులు తుప్పు పట్టాలి. ఇది ఒక్క గంట కూడా నీళ్లు చూసినట్టు లేదు.

లెన్సును కెమెరాకు తగిలించాను. రింగును చివరిదాకా, అడ్డంగా పడుకున్న ఎనిమిదిలాంటి గుర్తు దాకా తిప్పాను. అది అనంతం గుర్తు. అక్కడ పెడితే దూరంగా ఉన్నవన్నీ స్పష్టంగా కనపడాలి. ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకు వైపు చూశాను.

ట్యాంకు బూడిదరంగు ముద్దలా ఉంది.

మొదట అడాప్టర్ రింగును అనుమానించాను. పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే రింగు అది. చవకరకం రింగు కొంచెం మందంగా ఉంటే ఇలాగే అవుతుంది. అదే రింగుతో నా ఇంకో పాత లెన్సు పెట్టి చూశాను. ట్యాంకు మీద కంపెనీ పేరు కూడా చదవగలిగాను. అంటే రింగు తప్పు కాదు. మళ్లీ అన్నయ్య లెన్సు పెట్టి, ఎక్కడిదాకా స్పష్టంగా ఉందో వెతుక్కుంటూ వచ్చాను. రోడ్డుకి ఇవతల కరెంటు స్తంభం దగ్గర ఆగింది. నా కిటికీ నుంచి ఇరవై అడుగులు. అది దాటితే అంతా మసక.

ఈ తప్పు నాకు తెలుసు.

ఇలాంటి లెన్సులో ఒక గొట్టంలో ఇంకో గొట్టం మరచుట్లతో తిరుగుతుంది. లోపలి గొట్టం ఎక్కడానికి ఆరు మొదళ్లు, అంటే మర మొదలయ్యే చోట్లు, ఉంటాయి. ఏ చోట పెట్టినా హాయిగా ఎక్కేస్తుంది. కానీ సరైనది ఒక్కటే. మిగతా అయిదింట్లో దేన్లో పెట్టినా అంకెలు ఒకటి చెబుతాయి, గాజు ఇంకోటి చూపిస్తుంది. అందుకే విప్పేవాళ్లు, రెండు గొట్టాలూ విడిపోయే చోట పెన్సిలుతో గీత గీసుకుంటారు. అన్నయ్య గియ్యడు. విప్పడం, తుడవడం, కొత్త గ్రీజు రాయడం, ఎక్కడ పట్టిందో అక్కడ ఎక్కించెయ్యడం. ఎన్నిసార్లు చేసినా సరిగ్గా ఒక్క మొదలు ముందే ఎక్కించేవాడు.

"దూరంగా ఉన్నవి కనపడట్లేదురా అన్నయ్యా" అంటే, "నేను మొహాలు తీస్తానే, కొండలు కాదు" అనేవాడు.

నాలుగేళ్ల కిందట నేనే దగ్గర కూర్చోబెట్టి, పెన్సిలు చేతికిచ్చి నేర్పించాను. అప్పట్నుంచి ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. ఈ లెన్సుతోనే, కారెక్కి వెళ్లిపోవడానికి ముందురోజు సాయంత్రం, ఇదే కిటికీలోంచి ఇదే ట్యాంకును తీశాడు. ఆ ఫొటో నా వెనక గోడ మీదే ఉంది. ట్యాంకు మీద వాలిన కాకి ముక్కు కూడా తెలుస్తుంది.

కాబట్టి ఆ తర్వాత ఎవరో దీన్ని విప్పారు. అన్నయ్య కాదు. అన్నయ్యయితే గీత గీసి సరిగ్గా ఎక్కిస్తాడు. ఎవరో తొందరలో విప్పి, తుడిచి, అమ్మేశారు. ఆ మనిషికి అన్నయ్య సంచీ ఎక్కడ దొరికింది? ఏట్లోనా, అంతకుముందేనా?

షట్టరు దించేశాను.

*

ఫైనల్ బాబాయ్ దుకాణం ఒక పాత మేడ మెట్ల కింద ఉంటుంది. నిలబడితే నెత్తి తగులుతుంది కనక ఆయన ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. ముందు ఒక గాజుబీరువా, దాన్నిండా కెమెరాలు, లెన్సులు, ఎవరూ కొనని ఫ్లాషులు. ఏ వస్తువు అడిగినా మొదటి మాటే "ఇది ఫైనల్" అంటాడు. ఆ తర్వాత గంటసేపు బేరం జరుగుతుంది. అందుకే ఆ పేరు.

నన్ను చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వాపసు లేదమ్మాయ్. నిన్న టార్చేసి, భూతద్దం పెట్టి, వాసన కూడా చూసి తీసుకున్నావ్. నాకు గుర్తుంది."

"వాపసుకి రాలేదు బాబాయ్. ఇది తెచ్చిన మనిషి ఇంకేమైనా తెచ్చారా? ఉంటే కొంటాను."

ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "ఎవరు తెచ్చారో నాకేం తెలుసు? ఏదో ఆఫీసు ఖాళీ చేస్తుంటే మూటగా వచ్చింది."

"నిన్న ఏదో స్కూలు వాళ్లదన్నారు."

"స్కూలు ఆఫీసు."

నేను నవ్వలేదు. పాత సరుకు వ్యాపారంలో తెచ్చే మనిషి పేరు ఎవరూ చెప్పరు. చెబితే కొనేవాళ్లు నేరుగా వాళ్ల దగ్గరికే పోతారని భయం. అది నాకు తెలుసు. ఆయన ఇంకో అలవాటు కూడా నాకు తెలుసు. లెన్సు వెనక మూత లోపల చిన్న కాగితం అతికిస్తాడు. పేర్లు రాయడు, బొమ్మ వేస్తాడు. గొడుగుతో వచ్చినవాడికి గొడుగు, మీసాలాయనకి మీసం. రేపు సరుకు బాగోలేదని గొడవొస్తే ఎవరి మెడ పట్టుకోవాలో ఆయనకి తెలియాలి కదా. నా లెన్సు మూత తీసి లోపలి కాగితం ఆయన మొహం ముందు పెట్టాను. బంగాళాదుంపలా ఉంది బొమ్మ. ముందు భాగంలో అడ్డంగా చిన్న గీత.

"హెల్మెట్టు కదూ?"

"దుంప" అన్నాడు.

"బాబాయ్."

"నాకు బొమ్మలు సరిగ్గా రావమ్మాయ్. ఏం గీశానో నాకే గుర్తుండదు."

నేను వంగి బీరువా వైపు చూశాను. పై అరలో పదిహేను దాకా లెన్సులున్నాయి. వాటిలో ఒకటి, కొంచెం పొట్టిది, ముందు అంచున చిన్న సొట్ట ఉన్నది, నాకు తెలిసిందే. ఆ సొట్ట పడ్డ రోజు నేను పక్కనే ఉన్నాను.

"అది ఇవ్వండి."

ఇచ్చాడు. మూత తీశాను. మళ్లీ దుంప. కెమెరాకు తగిలించి, రింగు చివరిదాకా తిప్పి, వీధి చివర ఉన్న గడియారం వైపు చూశాను. ముళ్లు కనపడలేదు. వెనక్కి వెనక్కి వస్తే, ఇరవై అడుగుల దగ్గర చెప్పులు కుట్టే ఆయన వేళ్ల మధ్య సూది కూడా కనిపించింది.

రెండో లెన్సు. అదే తప్పు. అదే ఒక్క మొదలు ముందు.

ఒకసారి జరిగితే తొందరపాటు అనుకోవచ్చు. రెండింట్లోనూ కొలిచి పెట్టినట్టు ఒకటే తప్పా?

"ఎంత?" అన్నాను.

ఆయన చెప్పాడు. "ఇది ఫైనల్."

డబ్బు తీసి గాజు మీద పెట్టాను. బాబాయ్ ఆ నోట్ల వైపు, తర్వాత నా వైపు చూశాడు. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటి అవమానం ఎప్పుడూ జరగనట్టు మొహం పెట్టాడు.

"అదేంటమ్మాయ్, బేరం ఆడవూ? ఒంట్లో బాగోలేదా?"

"ఇవి మా అన్నయ్యవి బాబాయ్. పోలీసు కాగితాల్లో ఇవి ఏటి అడుగున ఉన్నాయి. మీ బీరువాలోకి ఎలా ఎక్కాయో నాకు చెబుతారా, వాళ్లకి చెబుతారా?"

ఆయన లెన్సులు తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

"నీ అన్నయ్యవా?" గొంతు తగ్గించాడు. "ఆ వంతెన దగ్గర..."

"ఆయనే."

"నాకు తెలీదు తల్లీ. ఒట్టు. తెలిస్తే ముట్టుకునేవాణ్ణే కాదు." గుడ్డతో నుదురు తుడుచుకున్నాడు. నుదుటికి లెన్సుల నలుపు అంటింది. "నాలుగు నెలల్నుంచి వస్తోంది. నెలకొక్కటి. మొదటి వారంలో. స్కూటరు దిగుతుంది గానీ హెల్మెట్టు తియ్యదు."

"తియ్యదు అంటున్నారు. ఆడమనిషా?"

"ఆడమనిషే. ఎక్కువ మాట్లాడదు. లెన్సును మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. దాని పేరేంటో, ఏ కెమెరాదో ఆమెకి తెలీదు. కానీ సరుకు మాత్రం..." బాబాయ్ వేళ్లు దగ్గరకి చేర్చి విప్పాడు. "విప్పి తుడిచినవి. కొత్త గ్రీజు. ఫంగస్ చుక్క లేదు. ఎవరో పనొచ్చినవాడే చేశాడు. ఆమె చేతుల్లో ఆ పని లేదు."

"పనొచ్చినవాడైతే దూరం ఎందుకు అందట్లేదు?"

"అదే నాకూ ఆశ్చర్యం. ఇంత శుభ్రంగా చేసినవాడు చివర్లో అంత పిల్లతప్పు ఎలా చేశాడా అని. పోనీలే అని ఊరుకున్నా. నువ్వు పాస్‌పోర్టు ఫొటోలే కదా తీసేది, తెలీదనుకున్నా."

"మంచివారే."

"వ్యాపారం తల్లీ." కొంచెం సిగ్గుపడ్డాడు. మళ్లీ ముందుకు వంగాడు. "ఇంకోటి. వచ్చిన ప్రతిసారీ ఒకే మాట చెప్పి వెళ్లేది. ఇవి ఈ చుట్టుపక్కల ఫొటోలు తీసేవాళ్లకి అమ్మొద్దు, బయటివాళ్లకే అమ్మండి అని. నేను సరేనన్నా. నిన్న నువ్వు అడిగేసరికి నోరూరింది."

"ఆ దుంప మీద అడ్డగీత ఏంటి?"

"హెల్మెట్టుకి ముందువైపు పగులుంది. దాని మీద ఎర్రటేపు అంటించుంది. గుర్తుకోసం గీశా."

నేను రెండు లెన్సులూ సంచీలో వేసుకుని వీధిలోకి వచ్చాను. ఎండ కళ్లలో పొడిచింది. ఆ ఎర్రటేపు అంటించింది నేనే. నా స్టూడియోలో, ఫొటో వెనక తెరలు అంటించే టేపు అది. రెండేళ్ల కిందట వదిన స్కూటరు మీంచి పడ్డ రోజున.

*

వదిన మందుల షాపులో పని చేస్తుంది. ఒంటిగంటకి భోజనానికి ఇంటికొచ్చి, మూడింటికి మళ్లీ వెళ్తుంది. నేను వెళ్లేసరికి ఒకటిన్నర. వంటింటి బల్ల మీద ఆమె తిన్న పళ్లెం ఉంది. పక్కన మూతపెట్టిన ఇంకో పళ్లెం.

"నా కోసమా?" అన్నాను.

"సాయంత్రానికి" అంది వదిన. "షాపు నుంచి వచ్చేసరికి వండే ఓపిక ఉండట్లేదు. కూర్చో. నీ మొహం ఏంటి అలా ఉంది? రేపటి గురించేనా?"

కూర్చోలేదు. ఇత్తడి స్క్రూ లెన్సు తీసి, పళ్లాల మధ్య పెట్టాను. దాని పక్కన సొట్టది.

వదిన మొహంలో ఏదీ కదల్లేదు. చెయ్యి మాత్రం కదిలింది. నడుముకి దోపుకున్న తాళాల గుత్తిని ఒకసారి తడిమి వదిలేసింది.

"ఎక్కడ దొరికాయి?" అంది.

"నువ్వు అమ్మిన చోట."

ఆమె కుర్చీలో కూలబడలేదు, ఏడవలేదు. తిన్న పళ్లెం తీసి కడిగి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు కూర్చుంది. "నీకు చెప్పాలనే అనుకున్నాను. సిగ్గేసింది."

"సంచీ కార్లో ఉందని పోలీసులకి నువ్వే కదా చెప్పావు?"

"అలాగే అనుకున్నాను. ఎప్పుడూ తీసుకెళ్తాడు కదా. నెల తర్వాత మంచం కింద కనపడింది. అప్పటికే అన్నీ రాసేసుకున్నారు. మళ్లీ వెళ్లి, కాదండీ ఇంట్లోనే ఉంది అంటే ఇంకెన్ని ప్రశ్నలు వేస్తారో అని భయమేసింది. అద్దె కట్టాలి. షాపులో ఇచ్చేది నీకు తెలియనిది కాదు. ఒక్కొక్కటీ అమ్మాను. తప్పేనా?"

తప్పు కాదు. ఆమె చెప్పిన ప్రతి ముక్కా ఇంకో ముక్కకి అతుక్కుంటోంది. నేను కూడా వేరే దారి లేకపోతే అదే చేసేదాన్ని. ఒక్క క్షణం, అనుమానించినందుకు నా మీద నాకే చిరాకేసింది.

"నాకెందుకు ఇవ్వలేదు వదినా? చుట్టుపక్కల వాళ్లకి అమ్మొద్దని ఎందుకన్నావు?"

"నువ్వు చూస్తే ఏడుస్తావని."

"అమ్మేముందు ఎవరి చేత విప్పించావు?"

"ఎవరూ విప్పలేదు. ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను."

"నిజంగా?"

"నాకేం తెలుసే వాటి సంగతి? ఏది ముందో ఏది వెనకో కూడా తెలీదు. సంచీలోంచి తియ్యడం, ఇవ్వడం."

జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాను. ఇత్తడి స్క్రూ మీద పెట్టాను.

"విప్పకు" అంది వదిన.

తల ఎత్తాను.

"ఎందుకు? నాదే కదా. డబ్బిచ్చి కొన్నాను."

"పాడైపోతుందని. అందులో ఏమీ లేదు. ప్రతిదాన్నీ టార్చి వేసి చూశాకే ఇచ్చాను."

స్క్రూడ్రైవర్ ఆపాను.

"ఏది ముందో ఏది వెనకో తెలియని దానివి" అన్నాను మెల్లగా. "టార్చి వేసి ఏం వెతికావు వదినా?"

"ఫంగస్" అంది వెంటనే. "ఉంటే రేటు తగ్గుతుందట. మీ అన్నయ్య అనేవాడు."

మంచి జవాబు. చాలా తొందరగా వచ్చిన జవాబు. నేను స్క్రూ తిప్పడం మొదలుపెట్టాను. ఇత్తడిది, తర్వాత రెండు నల్లవి. మూడూ బల్ల మీద వరసగా పెట్టాను. వదిన వాటినే చూస్తోంది, ఏదో ఒకటి లేచి పారిపోతుందన్నట్టు. లెన్సు వెనక బిళ్ల ఊడొచ్చింది. లోపల గ్రీజు నెయ్యిలా తేటగా ఉంది. పదకొండు నెలల కిందటి గ్రీజు ఇలా ఉండదు, మురికి పట్టి నల్లబడుతుంది.

గ్రీజుని వేలితో పక్కకు తోశాను.

కింద పెన్సిలు గీత ఉంది. లోపలి గొట్టం మీద ఒకటి, బయటి గొట్టం మీద ఒకటి. అడుగున చిన్న కొక్కెం తిరిగిన గీత. అన్నయ్య ఏ గీత గీసినా చివర అలా తిప్పుతాడు. నేను నేర్పించినప్పుడు కూడా "గీత చాలదట్రా, దానికి తోక ఎందుకు?" అని నవ్వాను.

రెండు గీతలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. లేవు. సరిగ్గా ఒక మొదలు ఎడంగా ఉన్నాయి.

గీత గీసినవాడికి దారి తెలుసు. తెలిసే తప్పు దారిలో ఎక్కించాడు. ఒకదాన్ని కాదు, అన్నిటినీ. కాగితం ముక్క పెడితే టార్చికి దొరుకుతుంది. అక్షరం గీకితే టార్చికి దొరుకుతుంది. ఈ తప్పు ఏ టార్చికీ దొరకదు. లెన్సును కెమెరాకు పెట్టి, దూరంగా చూసి, ఇది ఎవరి తప్పో గుర్తుపట్టే మనిషికే దొరుకుతుంది. అలాంటి మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. కొత్తవి కొనలేక, పాత లెన్సుల కోసం మెట్ల కింది దుకాణం చుట్టూ తిరిగే మనిషి. అది అన్నయ్యకి తెలుసు.

నాలుగు నెలల్నుంచి నెలకొకసారి పిలుస్తున్నాడు. నేను నాలుగోసారికి విన్నాను.

"చూశావా?" అంది వదిన. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఏమైనా ఉందా?"

"గ్రీజు" అన్నాను.

స్క్రూలు మళ్లీ బిగించాను. లెన్సు కెమెరాకు తగిలించాను. సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుంటున్నట్టు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. వదినకి నా మొహం కనపడకూడదు, అంతే.

"రేపు నేనొచ్చి ఎక్కించుకుంటాను, పదింటికి" అంటోంది వదిన వెనక నుంచి. "ఇద్దరం కలిసే వెళ్దాం. సంతకం అయిపోతే నీకూ మనసు కుదుటపడుతుంది."

"అలాగే వదినా" అన్నాను, కావాలనే గట్టిగా.

రింగు చివరిదాకా తిప్పాను. పెరటి గోడ మసక. గోడవతల పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలు రంగుల మరకలు. ఆ మసకలో ఒక్కటి మాత్రం గీసినట్టు స్పష్టంగా ఉంది. పెరటి చివర అన్నయ్య చీకటిగది తలుపు. వంటింటి కిటికీ నుంచి ఇరవై అడుగులు.

ఫిలిం కడుక్కోవడానికి పాత సామాన్ల గదికి ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేసి అన్నయ్య తయారు చేసుకున్న గది అది. దాని తాళంచెవి ఏట్లో పోయిందనీ, ఆ రోజు నుంచి తలుపు తెరవలేదనీ వదిన చెప్పింది. పోలీసులకీ అదే చెప్పింది.

తలుపుకి వేలాడుతున్న తాళం కొత్తది. తాళంచెవి పెట్టే చోటు చుట్టూ రోజూ గీసుకుంటున్నట్టు మెరుస్తోంది. గడప ముందు దుమ్ములో, ఒక పళ్లెం పెట్టి తీసిన గుండ్రటి ముద్ర ఉంది.

చూస్తుండగానే తలుపు కింద సందులో సన్నగా ఎర్రటి గీత వెలిగింది.

చీకటిగదిలో ఎర్రబల్బు ఒక్కటే ఉంటుంది. దాని స్విచ్చి లోపలే ఉంది. తాళం బయట ఉంది.

గీత ఆరిపోయింది. వెలిగింది. ఆరిపోయింది. నా గొంతు వినపడింది అతనికి.

"అంతసేపు ఏం చూస్తున్నావే?" వదిన అడిగింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

కెమెరా కంటి మీంచి తియ్యలేదు. "ఏం లేదు వదినా. ఇది దూరం అందని లెన్సు. పెరటి గోడ కూడా కనపడట్లేదు."

తాళాల గుత్తి గలగలమంది. అడుగుల చప్పుడు నా వైపు రాలేదు. వంటింటి తలుపు వైపు వెళ్లింది. తలుపు మెల్లగా మూసుకుంది.

ఆ తర్వాత లోపలి గడియ పడింది.